పేలాలా? పక్కింట్ల అడుగుండ్రి

ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్ర వైపు ఉన్న సిరోంచ బజారులో మాది కిరాణా దుకాణం. ఉప్పు పప్పుల నుంచి పెళ్ళి సామాను, చావు సామాను దాకా అన్నీ పెడతాం. చావు సామానుకు వచ్చినవాళ్ళను మెట్లు ఎక్కకముందే గుర్తుపడతాను. వాళ్ళు బేరం ఆడరు. నా మొహం వంక చూడరు. బడిలో పాఠం అప్పచెప్పినట్టు వరసగా చెప్పుకుపోతారు. తెల్లగుడ్డ, పసుపు, కుంకుమ, అగరుబత్తీలు, కర్పూరం, కొబ్బరికాయ. నేను ఒక్కొక్కటే తీసి గల్లాపెట్టె పక్కన పెడుతుంటాను. అన్నీ అయ్యాక చివర్లో "పేలాలు" అంటారు. శవం ముందు దారి పొడుగునా చల్లడానికి వరి పేలాలు కావాలి కదా. అప్పుడు నేను తల ఎత్తకుండానే చెబుతాను. "పేలాలా? పక్కింట్ల అడుగుండ్రి. పెద్దమ్మ ఇస్తది."

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. నాకంటే ముందు మా అత్త అనేది. ఆమె మంచాన పడ్డాక గల్లాపెట్టెతో పాటు ఆ మాట కూడా నాకు వచ్చింది. ఆలోచించి అనే మాట కాదది. దగ్గు వచ్చినట్టు దానంతట అదే నోట్లోంచి వచ్చేస్తుంది.

పెద్దమ్మ పోయిన రోజు కూడా అన్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. కులం వేరు, వంట వేరు, ఇంటి దేవుళ్ళు వేరు. మా దుకాణం గోడా వాళ్ళింటి గోడా ఒకటే, అంతే చుట్టరికం. ఆ గోడకు అవతల రేకుల పందిరి కింద వాళ్ళ భట్టీ ఉండేది. మట్టితో కట్టిన పొయ్యి, దాని మీద నల్లటి ఇనుప మూకుడు, మూకుడులో సగం దాకా ఇసుక. ఊళ్ళో వాళ్ళు వడ్లు, జొన్నలు, మక్కలు, పల్లీలు తెచ్చి ఇస్తే ఆమె కాలిన ఇసుకలో పోసి, పుల్లల కట్టతో తిప్పి, జల్లెడ పట్టి ఇచ్చేది. తొలి ఏకాదశికి పేలపిండి కోసం తెలుగువాళ్ళు జొన్నలు మోసుకొచ్చేవాళ్ళు. నాగపంచమి దగ్గరపడితే "లాహ్యా, లాహ్యా" అంటూ మరాఠీవాళ్ళు పేలాల కోసం వరస కట్టేవాళ్ళు. ఆ రెండు పండుగల మధ్య ఆమె మొహం చూడాలంటే పొగలో వెతుక్కోవాల్సి వచ్చేది.

మిగతా రోజుల్లో మాత్రం ఖాళీగా ఉండేదా అంటే, ఆ ముచ్చటే లేదు. ఎండాకాలంలో ప్రాణహిత సన్నగిల్లగానే బుట్ట నెత్తిన పెట్టుకుని ఇసుకకు పోయేది. తెచ్చిన ఇసుకను కడిగి, ఆరబెట్టి, సన్నంగా జల్లించి, పాత ఇసుకలో కొంచెం కొంచెం కలిపేది. వానాకాలంలో పందిరి రేకులకు కన్నాలు పూడ్చేది. జ్వరం వచ్చిందని ఒక్కపూట పడుకుందామన్నా ఆమె వల్ల అయ్యేది కాదు. "పండుకుంటే చేతులు దురద పెడ్తయ్ బిడ్డా," అనేది. జిమల్‌గట్ట దిక్కు నుంచి బస్సులో వచ్చిన గోండు ఆడవాళ్ళు తిరుగు బస్సు దాకా ఆమె పందిరి కిందే గంపలు దించుకుని కూర్చునేవాళ్ళు. ఆమెకు గోండీ రాదు. వాళ్ళకు తెలుగు అంతంతమాత్రం. అయినా ఆ మాటలకు అంతుండేది కాదు.

"గంటల కొద్దీ ఏం మాట్లాడుకుంటరు పెద్దమ్మా మీరు?" అని ఒకసారి అడిగాను.

"ఏముంటది బిడ్డా, కాళ్ళ నొప్పులు," అంది.

నేను పుట్టింది నది అవతల, చెన్నూరు దగ్గర. పెళ్ళై వచ్చేనాటికి వంతెన లేదు, పడవ దాటి రావాలి. ఇక్కడ అందరూ మాట్లాడేది మన తెలుగే అయినా దుకాణంలో సగం బేరాలు మరాఠీలో జరిగేవి. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మా అత్త సంగతి సరేసరి. ఒకరోజు వెనక వాకిట్లో కూర్చుని, పుట్టింటికి పోతానని ఒక్కదాన్నే ఏడుస్తుంటే గోడ మీదుగా ఒక చెయ్యి వచ్చింది. చేతిలో కాగితం పొట్లం. పొట్లంలో వేడివేడి పల్లీలు. చెయ్యి తర్వాత మసి పూసుకున్న మొహం కూడా కనబడింది.

"తినుకుంట ఏడువ్ బిడ్డా. ఒట్టిగ ఏడిస్తే కడుపుల నొస్తది."

ఏడుపు మానమని అనలేదు, చూడండి. అందుకే ఆ మనిషి నాకు నచ్చింది.

నాకు కోపం ఎక్కువ. బజారంతా ఎరిగిన సంగతే, దాచేదేమీ లేదు. పొగ విషయంలో ఆమెకూ నాకూ రోజూ గొడవే. "పెద్దమ్మా! నీ పొగకు నా చక్కెర బస్తాలు నల్లబడుతున్నయ్!" అని నేను గోడ ఇటు నుంచి అరిచేదాన్ని. "నల్ల చక్కెర అని చెప్పి రేటు పెంచి అమ్ముకో సేఠానీ!" అని అటు నుంచి జవాబు. నన్ను సేఠానీ అని పిలిచేది ఆమె ఒక్కతే. వేరే ఎవరైనా అని ఉంటే ఊరుకునేదాన్ని కాదు. గొడవైన సాయంత్రమే మా పిల్లవాడికి ఊపిరాడక గురగురమంటుంటే, భట్టీలోని ఇసుకను బట్టలో మూటకట్టి పట్టుకొచ్చి వాడి వీపుకు కాపడం పెడుతూ కూర్చునేది. పొద్దున జరిగిన తగువు ఆమెకు గుర్తుండేది కాదు. నాకు గుర్తుండేది గానీ పైకి తీసేదాన్ని కాదు.

ఆమె భర్తను నేను పెద్దబాపు అంటాను. ఆయనకు చూపు తగ్గి చాలా కాలమైంది. చేతులు వణుకుతాయి. ఇంటి ముందు అరుగు మీదనో, లోపల మంచం మీదనో ఉంటాడు. భట్టీలో పేలాలు టపటపమనడం మొదలవగానే ఎక్కడున్నా సరే గట్టిగా అరిచేవాడు. "ఏమే! చాయ్ గిన్నె ఎక్కియ్యి!" వేయించడం అయ్యాక మిగిలిన నిప్పుల మీదే వాళ్ళ చాయ్. దానికోసం వేరే పొయ్యి ముట్టించడం ఆమెకు మనసొప్పేది కాదు. "ఎక్కిస్తున్న, ఆగు! నీ చాయ్ పాడుగాను!" అని ఆమె కూడా అంతే గట్టిగా అరిచేది. ఈ రెండు అరుపులూ వినబడితే నాకు టైం తెలిసేది. దుకాణంలో గడియారం ఉంది గానీ ఎప్పుడూ దానివంక చూసింది లేదు.

చావు పేలాలకు మాత్రం ఆమెది వేరే పద్ధతి. డబ్బాలో వేయించినవి ఎన్ని ఉన్నా అవి ఇచ్చేది కాదు. ఫలానా ఇంట్లో మనిషి పోయాడని ఎవరైనా వచ్చి చెబితే చాలు, నోటి దగ్గరి ముద్ద పళ్ళెంలో వదిలేసి లేచేది. పొయ్యి ముట్టించి, ఇసుక కాల్చి, అప్పటికప్పుడు వేయించి, వేడి తగ్గకముందే వాళ్ళ సంచిలో పోసేది. పైసా తీసుకునేది కాదు. వచ్చినవాళ్ళు అక్కడ నిలబడి ఎదురుచూడాల్సి వచ్చేది. వాళ్ళు మా మెట్ల మీద కూర్చునేవాళ్ళు. నాకు గిరాకీకి అడ్డం. ఓసారి చిరాకేసి అడిగేశాను.

"డబ్బా నిండ ఉన్నయ్ కదా పెద్దమ్మా, అవి పోసి పంపరాదా? చచ్చినోళ్ళకు వేడేంది, చలువేంది?"

ఆమె తిప్పడం ఆపలేదు. "బతికినన్నొద్దులు చద్దన్నం తిన్నోళ్ళే గద బిడ్డా మనోళ్ళు. పొద్దున పొయ్యి మీది బువ్వ మాపటికి, మాపటిది తెల్లారి. పోయేటప్పుడన్న వేడియి పడనీ."

"మరి నీ పేలాలు ఎవరు ఏంచుతరు?" అన్నాను. నా నోరు మంచిది కాదని ముందే చెప్పాను.

ఆమె పకపకా నవ్వింది. "నేను పోయేనాటికి మిషన్లొస్తయ్ తియ్ సేఠానీ. మీటనొక్కితే పేలాలు."

మిషన్లు రాలేదు. మాఘమాసం వచ్చింది. మిర్చి కోతల రోజులు. ఊళ్ళో సగం మంది తెల్లారకముందే చేలల్లో ఉంటారు. ఆ పొద్దున నేను మామూలుగానే దుకాణం ఊడ్చి, మెట్ల మీద నీళ్ళు చల్లి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించాను. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తట్టలేదు. తర్వాత తెలిసింది, పొగ లేదు. సరిగ్గా అప్పుడే పెద్దబాపు గోడ అవతలి నుంచి పిలిచాడు.

"బిడ్డా, జర ఇటు రా. ముసల్ది లేస్తలేదు."

మామూలు గొంతే. ఉప్పు డబ్బా దొరకట్లేదు అన్నట్టు. నేను పోయి చూశాను. గోడవైపు తిరిగి, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుంది. మొహం కడుక్కోకుండా పడుకుందేమో, కణత మీద మసి అట్లాగే ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. పొద్దంతా నిప్పుల దగ్గరుండే మనిషి చెయ్యి అంత చల్లగా ఉండటం నేనెప్పుడూ ఎరగను. కొంగు సర్ది, కాళ్ళ మీద దుప్పటి లాగాను.

"పెద్దబాపూ, పోయింది," అన్నాను. ఇంకో మాట దొరకలేదు.

"గట్లనా," అన్నాడాయన.

ఏడుపు వస్తుందేమో అని చూశాను. రాలేదు. లోపల ఏమీ కదల్లేదు. మనసు మొద్దుబారిపోవడం అంటారే, అది అంత నెమ్మదిగా, చప్పుడు లేకుండా ఉంటుందని నాకు తెలియదు. నేను లేచి పోయి నది అవతల ఉన్న ఆమె కూతురికి ఫోన్ చేశాను. ఉన్నది ఒక్కతే కూతురు. "మీ అవ్వ పోయింది, రా," అన్నాను. అంత మొరటుగా ఎవరైనా చెబుతారా? చెప్పాను. ఆ పిల్ల అటు నుంచి కెవ్వున ఏడుస్తుంటే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, మా గోడ మీద పెచ్చులూడిన చోటు చూస్తూ నిలబడ్డాను. సున్నం వేయించాలి అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

దుకాణం షట్టర్ సగం దించాను. పూర్తిగా దించడానికి లేదు, ఆమె సామాను కూడా మా దగ్గరి నుంచే పోవాలి. మధ్యాహ్నానికి రేగుంట నుంచి ఆమె మరిది కొడుకు వచ్చాడు. కొడుకులు లేరు కాబట్టి తలకొరివి అతనే పెట్టాలి. షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చి, సంచి చేత్తో పట్టుకుని మొదలుపెట్టాడు. తెల్లగుడ్డ. తీశాను. పసుపు, కుంకుమ. తీశాను. అగరుబత్తీలు, కర్పూరం, కొబ్బరికాయ. ఒక్కొక్కటే పక్కన పెడుతున్నాను.

"పేలాలు," అన్నాడు.

"పేలాలా? పక్కింట్ల అడుగుండ్రి. పెద్దమ్మ ఇస్తది," అన్నాను, తల ఎత్తకుండా.

"ఆఁ," అని అతను మెట్లు దిగాడు.

అతని చెప్పుల చప్పుడు పందిరి దాకా పోయి ఆగింది. నేను కర్పూరం డబ్బా మూత పెడుతూ ఉన్నాను. పెట్టాక వంగి షట్టర్ కింద నుంచి చూశాను. చల్లారిన భట్టీ ముందు అతను సంచి తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ పక్కనే, అదే పందిరి నీడలో, చాప మీద ఆమె. అతను వెనక్కి తిరిగి నావంక చూశాడు. నేనూ చూశాను. ఎందుకట్లా అన్నావని అతను నన్ను అడగలేదు. నువ్వెందుకు పోయావని నేనూ అడగలేదు. చిన్నప్పటి నుంచి ఎన్ని చావులకు వచ్చి అక్కడ సంచి పట్టాడో అతను కూడా. కాసేపటికి సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

మా ఆయన లోపలి నుంచి, "మనకాడ మరమరాల ప్యాకెట్లున్నయ్ గద, చంద్రపూర్ మాలు. ఇచ్చెయ్," అన్నాడు. మంచి మాటే. నేనే రెండు ప్యాకెట్లు పట్టుకుని పోయాను. అప్పటికి కూతురు వచ్చింది, తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. పెద్దబాపు తల దగ్గర. మగవాళ్ళు వెదురుతో పాడె కడుతున్నారు. నేను ప్యాకెట్ పెద్దబాపు చేతిలో పెట్టి, పేలాలకు బదులు ఇవి చల్లుదామని చెప్పాను. ఆయన వేళ్ళతో తడిమాడు. ప్లాస్టిక్ కరకరలాడింది.

"ఇవి ఎప్పటియి బిడ్డా?"

"కంపెనీయి పెద్దబాపూ. ఎప్పటియో తెల్వది."

"చల్లటియి," అని ప్యాకెట్ పక్కన పెట్టేశాడు. "అది ఒక్కర్ని కూడ చల్లటి పేలాలతోని పంపలే. దాన్ని పంపుతరా? వేడియి ఉంటెనే లేపుండ్రి. లేకుంటె నేను లేవనియ్య."

అరవలేదు, ఏడవలేదు. పాడె వెదురు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు, అంతే. ఎవరో పెద్దమనిషి పొద్దు చూసి, నది దాకా నడవాలి, చీకటి పడకముందే లేపాలి అన్నాడు. ఇంకొకాయన, ముసలాయన మాటలకేం గానీ కానీయండి అన్నాడు. ఎవరూ కానీయలేదు. ఆయన చెయ్యి తీసి పక్కన పెట్టే ధైర్యం ఎవరికుంది? కూతురు లేచింది. "నేను ఏంచుత బాపూ," అని భట్టీవైపు పోబోతే ఆడవాళ్ళు పట్టుకుని ఆపారు. శవం ఉన్న ఇంట్లో పొయ్యి ముట్టించకూడదు. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు. తెలిసీ లేచింది.

నాకు కోపమొచ్చింది. ముసలాయన మీద కాదు, ఆ ఆడవాళ్ళ మీదా కాదు. చాప మీద పడుకున్నామె మీద. ఊరందరికీ వేయించి పంపింది కదా, ఒక్కరికైనా నేర్పి పోవాలని తెలియదా మనిషికి? మిషన్లొస్తాయట. మీట నొక్కితే పేలాలట. లేచి కూర్చోబెట్టి కడిగెయ్యాలనిపించింది. ఆ రోజు నాకు లోపల కదిలింది ఆ కోపం ఒక్కటే.

"జరుగుండ్రి," అన్నాను. భట్టీ దగ్గరికి పోయి మూకుడు చెవి పట్టుకున్నాను. ఇసుకతో బండలా బరువుగా ఉంది. మరిది కొడుకును పిలిచి, "ఆ దిక్కు నువ్వు పట్టు," అన్నాను. పొయ్యి పక్కన చాటలో వడ్లు ఉన్నాయి. ముందు రోజే తడిపి, నీడకు ఆరబెట్టి, పైన గుడ్డ కప్పి పెట్టింది. ఎవరి కోసం తడిపిందో ఎవరికీ తెలియదు. ఎవరైనా వస్తారని ఎప్పుడూ కొన్ని అట్లా తడిపి ఉంచేది.

మా ఆయన దుకాణం గడప దగ్గర అడ్డం నిలబడ్డాడు. "ఎక్కడికి?"

"మన వెనక వాకిట్లకు. ఆ ఇంట్ల పొయ్యి ముట్టియ్యద్దంట, మన ఇంట్ల ముట్టిస్త."

"శవం లేవలే ఇంక. ఆ ఇంటి సామాను మనింట్లకు తెస్తవా? జర తెలివుందా నీకు?"

"లేదు. తెలివుంటే నిన్ను చేసుకుందునా? జరుగు, చేతులు తెగుతున్నయ్."

జరిగాడు. పాపం, ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. మా అత్త బతికుంటే నన్ను మూకుడుతో సహా నదిలోకి తోసేది.

వెనక వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి మూకుడు ఎక్కించాను. కట్టెలకు పోదామని లేచేసరికి ఎదురింటి చాచా వచ్చాడు. ఆయనది టేకు సామాను చేసే పని. పెద్దమ్మ భట్టీకి రంపపు పొట్టు ఆయన దగ్గర నుంచే వచ్చేది. ఎవరు చెప్పారో, ఒక బస్తా భుజాన మోసుకొచ్చి రాళ్ళ పక్కన దించాడు.

"సన్నగ పెట్టు బేటీ. ఒక్కసారే ఏస్తే భగ్గుమంటది," అని అక్కడే ఒక మూలన కూర్చున్నాడు. నమాజు వేళ అవుతున్నా లేవలేదు.

ఇన్నేళ్ళు గోడ మీద నుంచి చూసిన పనే. చూడటం వేరు, చేతుల్లోకి రావడం వేరు. మొదటి వాయికి ఇసుక సరిగా కాలలేదు. వడ్లు ఇసుకలో రాళ్ళలా పడి ఉండి, ఉండి, మెల్లగా నల్లబడ్డాయి గానీ ఒక్కటీ పేలలేదు. జల్లించి పక్కన పోశాను. రెండో వాయికి పొట్టు ఎక్కువ వేశాను. వడ్లు పడీ పడగానే పొగ లేచి, పేలినవి పేలినట్టే మాడిపోయాయి. మాడుతున్నవాటిని ఎత్తిపోయబోయి మూకుడు అంచు మీద చెయ్యి పెట్టాను. చాచా "అరెరె" అన్నాడు. నాకేమీ తెలియలేదు. "ఏంగాలే చాచా," అని మళ్ళీ పొట్టు సర్దాను. గోడ అవతల కూతురి ఏడుపు వినిపిస్తోంది. పొద్దు దిగుతోందని ఎవరో మళ్ళీ అన్నారు. మరిది కొడుకు చాట పట్టుకుని నా నెత్తి మీదే నిలబడ్డాడు.

మూడో వాయికి నేనేమీ ఆలోచించలేదు. ఇసుక మీద చెయ్యి ఆనించకుండా పట్టి చూసి, గుప్పెడు వడ్లు వేశాను. ఒకటి టప్‌మని లేచింది. దాని వెనక ఇంకొకటి. అంతలోనే మూకుడంతా టపటపమంది. తెల్లటి పేలాలు ఎగిరి నా ఒళ్ళో, వాకిట్లో, చాచా గడ్డం మీద పడ్డాయి.

"పేలినయ్ బేటీ, పేలినయ్," అన్నాడు చాచా.

జల్లెడ పట్టాను. సగం తెల్లవి, సగం ఎర్రగా కమిలినవి, కొన్నిటికి పొట్టు ఊడనే లేదు. ఆమె చేతిలో ఇట్లాంటివి వస్తే కోళ్ళకు వేసేది. మళ్ళీ వేయించడానికి పొద్దు లేదు. చాటలో పోసుకుని, కొంగు కప్పి, పరుగులాంటి నడకతో పోయి పెద్దబాపు ముందు పెట్టాను. ఆయన వణికే చెయ్యి చాటలో పెట్టి, లోపలిదాకా దించి, అట్లాగే ఉంచాడు.

"వేడిగున్నయ్," అన్నాడు.

"మాడినయ్ పెద్దబాపూ. సగం మాడినయ్."

"మాడనియ్. దానియి గూడ మొదట్ల మాడేటియే. మా అవ్వతోని తిట్లు తినేది." చాటలోంచి చెయ్యి తీసి, వెదురు మీది ఇంకో చెయ్యి కూడా తీసేశాడు. "ఇగ లేపుండ్రి."

లేపారు. మరిది కొడుకు నిప్పు కుండతో ముందు నడిచాడు. చాట పట్టుకుని ఇంకెవరో చల్లుతూ పోయారు. పెద్దబాపును చాచా చెయ్యి పట్టుకుని నడిపించాడు. నేను షట్టర్ పక్కన నిలబడి చూశాను. మా మెట్ల ముందు నుంచి మూలమలుపు దాకా దారంతా పేలాలు, తెల్లవి, కమిలినవి. డప్పు చప్పుడు దూరమయ్యాక పెద్దమ్మ కోళ్ళు పందిరిలోంచి వచ్చి వాటిని ఏరుకుని తినడం మొదలుపెట్టాయి. అదిలించలేదు. అవి ఆమె కోళ్ళు.

స్నానం చేసి తల తుడుచుకుంటుంటే చూసుకున్నాను, వేళ్ళు నాలుగూ బొబ్బలెక్కి ఉన్నాయి. చూస్తుంటే ఎవరి చెయ్యో చూసినట్టుంది. మా ఆయన కొబ్బరినూనె తెచ్చి రాశాడు. నొప్పిగా ఉందా అని అడిగితే లేదన్నాను. అబద్ధం కాదు. ఆ రాత్రి అన్నం తిన్నాను, పడుకున్నాను, నిద్ర కూడా పట్టింది. పొద్దున లేచి దుకాణం తెరిచాను. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను పలకరించడానికి వచ్చి, గలగలా ఏడ్చి, నేను ఏడవకపోయేసరికి ఇబ్బందిపడి, వచ్చాం కదా అని అరకిలో చక్కెరో పావుకిలో చాయ్‌పత్తో కొనుక్కుని పోయేవాళ్ళు. నేను తూచి ఇచ్చేదాన్ని. నాకు వచ్చే ఏడుపు ఎక్కడికి పోయిందో నాకే అర్థమయ్యేది కాదు.

మూకుడు మా వెనక వాకిట్లోనే ఉండిపోయింది. మైల పోయి, దినవారాలు అయ్యాక తీసుకుపోతారనుకున్నాను. ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఇంట్లో అది ఎందుకని మా ఆయన కూడా అనలేదు. వాన పడితే ఇసుక తడుస్తుందని దాని మీద ఒక రేకు మాత్రం కప్పాడు. ఆమె కూతురు తండ్రి దగ్గరే ఉండిపోయింది. వండి పెడుతుంది, బట్టలుతుకుతుంది, మంచి పిల్ల. భట్టీ మాత్రం ముట్టించలేదు.

తర్వాత ఒకరోజు, మిర్చి ఘాటుకు బజారంతా తుమ్ముతున్న వేళ, బామ్ని నుంచి ఒకావిడ వచ్చింది. మెట్లు ఎక్కకముందే తెలిసింది. తెల్లగుడ్డ, పసుపు, కుంకుమ. అత్త పోయిందట. ఒక్కొక్కటే తీసి పెడుతున్నాను. చివర్లో "పేలాలు" అంది.

"పేలాలా? పక్కింట్ల..."

అక్కడ ఆగింది నా నోరు. ఆవిడ నావంకే చూస్తోంది. పెద్దమ్మ పోయిన సంగతి ఆవిడకింకా తెలియదు. సంచి సర్దుకుని పక్కింటికి పోవడానికి సిద్ధంగా ఉంది.

"కూసో," అన్నాను. "జర సేపయితది. ఏంచిస్త."

మా ఆయనను గల్లా దగ్గర కూర్చోబెట్టి వెనక్కి పోయాను. ముందు రోజు తడిపిన వడ్లు లేవు, అప్పటికప్పుడే తడిపి, గుడ్డ మీద పరిచి, కాస్త ఆరాక చాటలోకి ఎత్తాను. చాచా ఇచ్చిన బస్తాలో పొట్టు ఇంకా ఉంది. సన్నగా పెట్టాను. ఇసుక కాలింది. వేళ్ళకు వచ్చిన కొత్త చర్మానికి సెగ తగిలి చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నొప్పి పుట్టింది, ఎన్ని రోజులకో. వడ్లు పోసి పుల్లల కట్టతో తిప్పాను. టప్. టప్. టపటపమని అన్నీ ఒక్కసారే అందుకున్నాయి.

గోడ అవతలి నుంచి పెద్దబాపు గొంతు వచ్చింది.

"ఏమే! చాయ్ గిన్నె ఎక్కియ్యి!"

నా చెయ్యి ఆగిపోయింది. పేలాలు మాత్రం ఆగలేదు. అటు ఇంకే చప్పుడూ లేదు. కూతురు బట్టలు పట్టుకుని నదికి పోయింది, ఇంట్లో ఆయన ఒక్కడే. ఏమన్నాడో ఆయనకు తెలిసిపోయి ఉంటుంది. నేను దుకాణంలో అన్నట్టే ఆయన కూడా అనేశాడు. చప్పుడు వినబడింది, నోరు తెరుచుకుంది. ఇప్పుడు మంచం మీద లేచి కూర్చుని ఉంటాడు. ఎవరైనా విన్నారేమో అని భయపడుతూ ఉంటాడు.

"ఎక్కిస్తున్న, ఆగు!" అని అరిచాను.

పేలాలు జల్లించి బామ్ని ఆవిడ సంచిలో పోశాను. ఆవిడ డబ్బులు తీయబోతే వద్దన్నాను. వేడి సంచి రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని పోయింది. నేను నిప్పుల మీద చాయ్ గిన్నె పెట్టాను. పాలు, చాయ్‌పత్తి, దంచిన అల్లం. పెద్దబాపుకు షుగరుందని చక్కెర వేయలేదు. గ్లాసులో పోసి గోడ మీదుగా చెయ్యి చాపి, "పెద్దబాపూ, చాయ్," అన్నాను. గోడ తడుముకుంటూ వచ్చి గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు.

"చక్కెర లేదు," అన్నాడు.

"నీకు షుగర్ గద పెద్దబాపూ. డాక్టర్ వద్దన్నడు గద."

ఆయన ఇంకో గుక్క తాగకుండా గ్లాసు గోడ మీద పెట్టాడు.

"అది ఏసేది," అన్నాడు.

నేను దుకాణంలోకి పోయి చక్కెర బస్తా మూతి విప్పి చిన్న చెంచాతో సగం తీశాను. తీస్తుంటే ఏడుపొచ్చింది. మా ఆయన గల్లా దగ్గర నుంచి లేచి ఏమైంది, ఏమైంది అంటున్నాడు. ఏడుస్తూనే, చెంచాలో చక్కెర ఒలికిపోకుండా చూసుకుంటూ గోడ దాకా నడిచాను.